పరుగు ట్రాక్‌పై.. పట్టు క్లబ్బుల్లో!
* మోటారు క్రీడ పెత్తనంపై ముంబయి, చెన్నై మధ్య దశాబ్దాల పోటీ
* ట్రాక్, లైసెన్సు, ఓటు.. ఈ మూడింటి చుట్టూనే తగవులు
* చిన్న పట్టణాల యువతకు అందని అవకాశాలు

ఆదోని, ఎమ్మిగనూరు: కారు పందెమంటే అందరికీ వేగమే గుర్తుకు వస్తుంది. ఆ పందేన్ని ఎక్కడ నిర్వహించాలి, ఎవరు పాల్గొనాలి, గెలిచినవారికి జాతీయ విజేత అన్న గుర్తింపు ఎవరివ్వాలి అన్న విషయాలు మాత్రం ట్రాక్‌పై తేలవు. క్లబ్బుల సర్వసభ్య సమావేశాల్లో, సమాఖ్య కార్యాలయాల్లో, ఒక్కోసారి న్యాయస్థానాల్లో తేలుతాయి. ఔత్సాహికులు సరదాగా పెట్టుకున్న క్లబ్బులే క్రమంగా ఒక క్రీడ భవితను శాసించే స్థాయికి చేరాయి. ఆ క్లబ్బుల్లో ఏ నగరానిది పైచేయి అన్న దానిపైనే మిగిలిన ప్రాంతాల క్రీడాకారుల భవిష్యత్తు ఆధారపడుతోంది.

ముంబయి, చెన్నై నగరాలను కలిపే రైలు మార్గం ఆదోని మీదుగా సాగుతుంది. ముంబయి వైపు నుంచి వచ్చిన లైను, మద్రాసు వైపు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గానికి రెండు కొసల్లో ఉన్న నగరాలే దేశంలో మోటారు క్రీడ పెత్తనం కోసం ప్రధానంగా పోటీపడ్డాయి. నడుమనున్న ఊళ్లకు ఆ తగవులో పాత్ర లేదు, ఫలితంలో వాటా లేదు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలంటే ముందుగా ఈ క్రీడ నడిచే తీరును గమనించాలి.

అనుమతి పైనుంచి.. శ్రమ కిందినుంచి

ప్రపంచవ్యాప్తంగా కార్ల పందేలకు పారిస్‌లో 1904లో ఏర్పడిన అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్‌ఐఏ) నియమాలే ప్రామాణికం. ఈ సంస్థ ఒక్కో దేశంలో ఒక్క సంస్థకు మాత్రమే క్రీడాధికారాన్ని అప్పగిస్తుంది. ఆ సంస్థ తన పరిధిలోని క్లబ్బులకు పోటీలు నిర్వహించుకునే అనుమతి, డ్రైవర్లకు పోటీ లైసెన్సు ఇస్తుంది. ద్విచక్ర వాహనాల పందేలకు ఇదే తరహాలో వేరే అంతర్జాతీయ సమాఖ్య (ఎఫ్‌ఐఎం) ఉంది. భారత్‌లో ప్రస్తుతం ఈ రెండింటి గుర్తింపూ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌ఎంఎస్‌సీఐ) వద్ద ఉంది. 1970ల తొలినాళ్లలో ఏర్పడిన ఈ సమాఖ్య ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది.

అధికారం పైనుంచి కిందికి వస్తుంటే, శ్రమ కిందినుంచి పైకి వెళ్తుంది. పందెం రోజున జెండాలు ఊపే మార్షల్స్, కార్లను తనిఖీ చేసే సాంకేతిక పరిశీలకులు, సమయాన్ని లెక్కగట్టేవారు, తగవులు తీర్చే స్టీవార్డులలో అత్యధికులు క్లబ్బుల నుంచి స్వచ్ఛందంగా వచ్చేవారే. వారంతా వేరే వృత్తుల్లో ఉంటూ సెలవు రోజుల్లో ఈ పని చేస్తారు. శిక్షణ పొందిన మార్షల్స్ ఎక్కువగా ఉన్న క్లబ్బును కాదని పెద్ద పోటీ నిర్వహించడం ఎవరికీ సాధ్యం కాదు. క్లబ్బుల బలానికి ఇదే పునాది.

ఈ అమరికలో మూడు కీలక స్థానాలున్నాయి. మొదటిది ట్రాక్. రెండోది లైసెన్సు ఇచ్చే అధికారం. మూడోది ఆ అధికారాన్ని ఎవరు చెలాయించాలో నిర్ణయించే ఓటు. మోటారు క్లబ్బుల్లో ప్రాంతాల మధ్య తలెత్తిన తగవులన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

విమాన స్థావరాలే తొలి ట్రాకులు

దేశానికి స్వాతంత్య్రం వచ్చేనాటికి రేసింగ్ కోసమే నిర్మించిన ట్రాకులు లేవు. విమాన స్థావరాల రన్‌వేలే ఔత్సాహికులకు దిక్కయ్యాయి. మద్రాసులో షోలవరం, కలకత్తాలో బరాక్‌పుర్, బొంబాయిలో జుహూ స్థావరాలు అలా పందేలకు వేదికలయ్యాయి. దీంతో పాత ప్రెసిడెన్సీ నగరాల్లోనే క్లబ్బులు పుట్టాయి. సంస్థానాధీశుల కుటుంబాలు, పారిశ్రామికవేత్తలు, విదేశీ కంపెనీల ఉద్యోగులు వాటిలో సభ్యులయ్యారు. కారు ఉండటమే అరుదైన ఆ రోజుల్లో పల్లెలకు, చిన్న పట్టణాలకు ఇందులో చోటు లేకపోవడం సహజమే.

వాహనదారుల సేవాసంఘాలు సైతం అప్పటికే దిక్కులవారీగా విడిపోయి ఉన్నాయి. పశ్చిమాన వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్, దక్షిణాన ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఇండియా, తూర్పున, ఉత్తరాన అలాంటివే మరికొన్ని సంఘాలు పనిచేశాయి. ముంబయి కేంద్రంగా ఉన్న పశ్చిమ సంఘం 1919లోనే ఏర్పడింది. ప్రతి సంఘానికీ సొంత పరిధి, సొంత పలుకుబడి ఉండేవి. దేశమంతటికీ ఒకే సంస్థకు అధికారం అప్పగించాలన్న అంతర్జాతీయ నియమం వచ్చి పడేసరికి, ఆ ఒక్కటీ ఏది కావాలన్న ప్రశ్న తలెత్తక తప్పలేదు.

సొంత ట్రాక్‌తో మారిన బలాబలాలు

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ (ఎంఎంఎస్‌సీ) 1950ల నుంచి షోలవరంలో పందేలు నిర్వహించింది. ఏటా జరిగే ఆ పోటీలకు దేశం నలుమూలల నుంచి డ్రైవర్లు వచ్చేవారు. అయితే స్థావరం రక్షణ శాఖది. ఇతరుల స్థలంపై ఆధారపడితే క్రీడకు భరోసా ఉండదని క్లబ్ గ్రహించింది. శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో భూమి సమకూర్చుకొని 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్‌ను నిర్మించింది. 1990లో అది ప్రారంభమైంది. ఔత్సాహికుల క్లబ్బు ఒకటి సొంతంగా అంతటి ట్రాక్‌కు యజమాని కావడం దేశంలో అదే మొదలు.

ఈ ఒక్క నిర్ణయంతో బలాబలాలు మారిపోయాయి. సొంత ట్రాక్ లేని నగరాల క్లబ్బులు క్రమంగా ర్యాలీలకు, తాత్కాలిక పోటీలకు పరిమితమయ్యాయి. సర్క్యూట్ రేసింగ్‌లో జాతీయ పోటీలంటే చెన్నై శివార్లేనన్న పరిస్థితి చాలాకాలం కొనసాగింది. ఆ తర్వాత కోయంబత్తూరు బలమైన రెండో కేంద్రంగా ఎదిగింది. దేశీయంగా రేసు కార్లను రూపొందించి, 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఎస్.కరివర్ధన్ పేరిట అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే 2003లో ప్రారంభమైంది. ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ (2005) కోయంబత్తూరు వాసి. రెండో భారతీయుడు కరుణ్ చందోక్ (2010) చెన్నై వాసి. ప్రతిభ ఆ రెండు నగరాల్లోనే పుట్టిందని దీనికి అర్థం కాదు. ట్రాక్ ఉన్నచోటే ప్రతిభ వెలుగుచూసిందని అర్థం.

రెండు సంస్థలు.. ఒక క్రీడ

ట్రాక్ దక్షిణాది చేతిలో ఉన్నా, అంతర్జాతీయ గుర్తింపు విషయంలో పశ్చిమానికి గట్టి పట్టుండేది. 1980లో మొదలైన హిమాలయన్ కార్ ర్యాలీని నిర్వహించి పేరు తెచ్చుకున్న ముంబయి వాసి నజీర్ హుసేన్ ఎఫ్‌ఐఏ ప్రపంచ మోటారు క్రీడా మండలిలో స్థానం సంపాదించారు. వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్‌కు సారథ్యం వహించారు. 2000 దశకంలో ఆయన నేతృత్వంలోని మోటార్‌స్పోర్ట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (ఎంఏఐ) ఎఫ్‌ఐఏ గుర్తింపుతో నడిచింది.

మరోవైపు క్లబ్బులలో అధిక భాగం, ట్రాకులు, మార్షల్స్ ఎఫ్‌ఎంఎస్‌సీఐ వెంట ఉన్నాయి. ఒక సంస్థ చేతిలో అంతర్జాతీయ ముద్ర, మరో సంస్థ చేతిలో పోటీలు నడిపే యంత్రాంగం ఉండటంతో క్రీడ రెండుగా చీలింది. తమకు చెల్లే లైసెన్సు ఏది, ఏ పోటీలో పాల్గొంటే ఎవరి ఆగ్రహానికి గురికావాలి అన్న అయోమయంలో డ్రైవర్లు పడ్డారు. గుర్తింపు లేని పోటీలో పాల్గొన్నవారిపై చర్య తీసుకునే వీలు అంతర్జాతీయ క్రీడా నియమావళిలోనే ఉంది. నాయకుల మధ్య తగవు చివరకు డ్రైవర్ల మెడకు చుట్టుకోవడానికి ఈ నిబంధనే కారణం.

దశకం ముగిసేసరికి ఎఫ్‌ఐఏ గుర్తింపు ఎఫ్‌ఎంఎస్‌సీఐకి దక్కింది. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ అంతర్జాతీయ సర్క్యూట్‌లో భారత్ తొలి ఫార్ములా వన్ పందేనికి ఆతిథ్యమిచ్చేనాటికి సమాఖ్య అధ్యక్షుడిగా చెన్నైకి చెందిన విక్కీ చందోక్ ఉన్నారు. ట్రాక్ ఉత్తరాదిన వెలసినా, పందేన్ని నడిపే అనుభవం కోసం చెన్నై క్లబ్ వైపే చూడాల్సి వచ్చింది. కేంద్ర క్రీడా శాఖ మాత్రం అప్పట్లో ఫార్ములా వన్‌ను క్రీడగా కాక వాణిజ్య వినోదంగా పరిగణించింది. మూడేళ్లు జరిగిన ఆ పందెం 2013తో ఆగిపోయింది. స్థానికంగా క్లబ్బుల పునాది లేనిచోట వందల కోట్ల ట్రాక్ సైతం క్రీడను నిలబెట్టలేదని ఆ అనుభవం చాటింది.

టైర్ల కంపెనీల రాకతో మరో మలుపు

క్లబ్బుల సభ్యత్వ రుసుములతో రేసింగ్ నడవదు. అందుకే టైర్ల కంపెనీల ప్రాయోజకత్వం కీలకంగా మారింది. చెన్నై కేంద్రంగా ఉన్న ఎంఆర్‌ఎఫ్ చాలాకాలం మద్రాసు క్లబ్‌తో కలిసి జాతీయ పోటీలను నడిపించింది. జేకే టైర్ కోయంబత్తూరు, బుద్ధ సర్క్యూట్లు వేదికలుగా మరో జాతీయ సిరీస్‌ను నిర్వహించింది. రెండింటికీ సమాఖ్య ఆమోదం ఉండేది. ఫలితంగా ఒకే ఏడాదిలో వేర్వేరు సిరీస్‌లలో వేర్వేరు జాతీయ విజేతలు తయారయ్యారు.

కంపెనీల రాకతో వేగం పెరిగింది, భద్రత మెరుగుపడింది, ప్రతిభావంతులకు కార్లు అందాయి. అయితే ఏ పోటీ ఎక్కడ జరగాలన్న నిర్ణయం క్లబ్బుల చేతి నుంచి కొంత జారింది. ప్రాంతాల మధ్య పోటీకి వ్యాపార పోటీ తోడైంది. ఔత్సాహిక క్రీడగా మొదలైనది వృత్తి క్రీడగా మారే దశలో ఇలాంటి మలుపులు అనివార్యమని ఇతర దేశాల అనుభవమూ చెబుతోంది.

అమెరికాలోనూ ఇదే తంతు

అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఇందుకు చక్కని ఉదాహరణ. తూర్పు తీరంలో కొద్దిమంది కార్ల ప్రియులు దీన్ని ప్రారంభించారు. ఇది క్రమంగా దేశమంతటా ‘రీజియన్లు’గా విస్తరించింది. డబ్బు కోసం పందెం కట్టరాదన్నది తొలినాళ్లలో క్లబ్ కఠిన నియమం. దక్షిణ కాలిఫోర్నియాలోని కాలిఫోర్నియా స్పోర్ట్స్ కార్ క్లబ్ మాత్రం తూర్పు పెత్తనానికి తలవంచకుండా విడిగా పందేలు నిర్వహించుకుంది. ఒకే ప్రాంతంలో రెండు క్లబ్బులు పోటాపోటీగా నిలవడంతో డ్రైవర్లు ఇరకాటంలో పడ్డారు.

1958లో మరో సంస్థ నగదు బహుమతులతో రోడ్ రేసులు ప్రారంభించింది. పేరున్న డ్రైవర్లు అటువైపు మొగ్గడంతో ఔత్సాహిక నియమాన్ని సడలించక తప్పలేదు. 1963లో స్పోర్ట్స్ కార్ క్లబ్ స్వయంగా వృత్తి డ్రైవర్ల సిరీస్‌ను ప్రారంభించింది. అదే దశకం ఆరంభంలో కాలిఫోర్నియా క్లబ్ సైతం మాతృసంస్థలో ఒక రీజియన్‌గా చేరింది. అయినా ఔత్సాహికుల ప్రయోజనాలు ముఖ్యమా, వృత్తి పందేలు ముఖ్యమా అన్న చర్చ ఆగలేదు. క్లబ్ నిర్వహణ బాధ్యతలు చూసిన జాన్ బిషప్ 1969లో బయటకు వచ్చి మరో రేసింగ్ సంస్థను నెలకొల్పారు.

ఇన్ని తగవుల తర్వాతా ఆ క్లబ్ నిలబడటానికి ఒక కారణం కనిపిస్తుంది. దేశాన్ని భౌగోళిక ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతం నుంచి పాలకమండలి సభ్యుణ్ని అక్కడి సభ్యులే ఎన్నుకునే ఏర్పాటు ఉంది. చిన్న ఊరిలోని సభ్యుడి ఓటుకూ విలువ ఉంది. అలిగి వెళ్లిపోవడం కన్నా లోపల ఉండి పోరాడటమే మేలన్న భావన దీనివల్ల కలుగుతుంది.

ఓటు మనిషిదా.. క్లబ్బుదా?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పేరులో ఉన్నట్లే ఎఫ్‌ఎంఎస్‌సీఐ క్లబ్బుల సమాఖ్య. ఓటు క్లబ్బుకు ఉంటుంది. క్లబ్బులు ఎక్కువగా ఉన్న నగరాలకు సహజంగానే బలం ఎక్కువ. లైసెన్సు తీసుకొని పోటీపడే డ్రైవరుకు, ఎండలో నిలబడి జెండా ఊపే మార్షల్‌కు సమాఖ్య ఎన్నికల్లో నేరుగా పాత్ర ఉండదు. క్లబ్బే లేని జిల్లాల గొంతు వినిపించే మార్గమే లేదు.

క్లబ్బులకు ఓటున్నచోట తలెత్తే సమస్యలు తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో నగర క్లబ్బుల ఓట్లే అత్యధికం కావడంతో జిల్లాలకు అన్యాయం జరుగుతోందన్న విమర్శ ఏళ్లుగా ఉంది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీ 2023లో 57 క్లబ్బులను ఓటింగుకు అనర్హమైనవిగా తేల్చింది. ఒకే వ్యక్తి లేదా కుటుంబం చేతిలో ఒకటికి మించిన క్లబ్బులు ఉండటమే అందుకు కారణం. అదే ఏడాది అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. క్రీడ వేరైనా పాఠం ఒక్కటే. క్లబ్బే ఓటైనప్పుడు క్రీడాకారులను పెంచడం కన్నా క్లబ్బులను పెంచుకోవడంపై ఆశ పుడుతుంది.

దీనికి భిన్నమైన పద్ధతి ఎమ్మిగనూరు ప్రజలకు చిరపరిచితమే. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ పట్టణానికి పేరు తెచ్చింది. సహకార సూత్రం ప్రకారం ఎన్ని వాటాలున్నా ఒక సభ్యుడికి ఒకటే ఓటు. మగ్గం మీద కూర్చున్న నేతన్నకు, నాలుగు మగ్గాలున్న ఆసామికి సంఘంలో సమాన విలువ ఉంటుంది. సహకార సంఘాల్లో తగవులు లేవని కాదు. తగవు వచ్చినప్పుడు సభ్యుడి వద్దకు వెళ్లక తప్పని పరిస్థితి ఉండటమే అక్కడి రక్షణ. ఔత్సాహిక రేసింగ్ క్లబ్బుల్లో లోపించింది ఇదే.

కేంద్రం తెచ్చిన నియమాలు కొంత మార్పునకు బాట వేశాయి. 2011 నాటి జాతీయ క్రీడాభివృద్ధి నియమావళి సమాఖ్యల పదవుల్లో వయోపరిమితిని, కాలపరిమితిని విధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. సమాఖ్యలకు గుర్తింపునిచ్చే జాతీయ క్రీడా బోర్డు, తగవులు తీర్చే ట్రైబ్యునల్ ఏర్పాటుకు వీలు కల్పించింది. కార్యవర్గాల్లో క్రీడాకారులకు, మహిళలకు స్థానం తప్పనిసరి చేసింది. గుర్తింపు తగవులు ఏళ్ల తరబడి సాగకుండా ఇవి అడ్డుకోగలవు. అయితే జిల్లాలకు ఓటు దక్కుతుందా లేదా అన్నది ఆయా సమాఖ్యల నిర్మాణంపైనే ఆధారపడి ఉంటుంది.

తెలుగునాట ఆశలు.. ఆటంకాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సైతం ఈ పోటీలో అడుగుపెట్టింది. 2003లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం హైదరాబాద్‌కు ఫార్ములా వన్‌ను రప్పించేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. నగర శివార్లలో భూమిని సైతం గుర్తించింది. అదే సమయంలో ఇతర నగరాలూ ప్రయత్నాలు ప్రారంభించాయి. 2004లో ప్రభుత్వం మారడంతో ప్రతిపాదన అటకెక్కింది.

దాదాపు రెండు దశాబ్దాల తర్వాత 2022 నవంబరులో హుస్సేన్‌సాగర్ తీరాన ఇండియన్ రేసింగ్ లీగ్ నిర్వహించారు. 2023 ఫిబ్రవరి 11న అక్కడే 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై విద్యుత్ కార్ల ప్రపంచ స్థాయి పందెం ఫార్ములా-ఈ జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో పందెం రద్దయింది. ప్రభుత్వాల చొరవతో వచ్చిన పందేలు ప్రభుత్వాలతోపాటే పోయాయి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మాత్రం తమిళనాట ఎన్ని ప్రభుత్వాలు మారినా నిలిచింది. సభ్యుల సొంత ఆస్తికి, సర్కారు ఆర్భాటానికి ఉన్న తేడా ఇదే.

తెలుగు డ్రైవర్లు లేరనీ కాదు. హైదరాబాద్‌కు చెందిన అనిందిత్ రెడ్డి యూరో జేకే విభాగంలో జాతీయ టైటిల్ గెలిచారు. ఆ విజయాలకు వేదిక మాత్రం పొరుగు రాష్ట్రాల ట్రాకులే.

పశ్చిమ మండలాలకు ఎంత దూరం?

ఆదోని నుంచి చెన్నైకి రైలులో దాదాపు 500 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు వాసులు రైలెక్కాలంటే ముందు ఆదోనికో, మంత్రాలయం రోడ్డుకో చేరాలి. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ వద్ద 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. సీమలో కారు తయారవుతున్నా, ఆ కారును నిబంధనల ప్రకారం పరుగెత్తించే అవకాశం కోసం సీమ యువకుడు పొరుగు రాష్ట్రానికే వెళ్లాలి. కారు, టైర్లు, ప్రయాణం, బస, లైసెన్సు ఖర్చులు భరించగలిగేది కొందరే. మిగిలినవారి ఉత్సాహం రాత్రివేళ రహదారులపైకి మళ్లే ప్రమాదం ఉంది.

ఆ పందేలు చట్టరీత్యా నేరం. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల పందెం నిర్వహించినా, పాల్గొన్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ ప్రకారం తొలిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే ఏడాది వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. జైలు కన్నా పెద్ద ముప్పు ప్రాణానిది. క్లబ్బు పందెంలో అంబులెన్సు, వైద్యుడు, అగ్నిమాపక సిబ్బంది, హెల్మెట్, సీటు బెల్టుల తనిఖీ ఉంటాయి. రోడ్డు పందెంలో ఇవేవీ ఉండవు.

పందెం సంస్కృతి ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బండలాగుడు పోటీలకు జనం తరలివస్తారు. పళ్లను బట్టి ఎద్దుల విభాగాలు, నిర్ణీత సమయం, లాగిన దూరాన్ని అడుగుల్లో కొలవడం, అందరి ఎదుటా ఫలితం ప్రకటించడం అక్కడ ఆనవాయితీ. పొరుగు జిల్లాల ఎడ్లకూ ప్రవేశం ఉంటుంది. నియమం ముందే తెలియడం, కొలత అందరి కళ్లెదుట జరగడం వల్లే ఆ పోటీలపై నమ్మకం నిలిచింది. మోటారు క్లబ్బుకైనా కావలసింది ఇదే తరహా పారదర్శకత.

జిల్లాలో క్లబ్ పెట్టాలంటే

పెద్ద ట్రాక్ లేకపోయినా క్లబ్బు కార్యకలాపాలు సాగే మార్గాలున్నాయి. కొద్ది స్థలంలో శంకుల మధ్య ఒక్కొక్క కారును నడిపి సమయాన్ని లెక్కించే ఆటోక్రాస్, మట్టి దారుల్లో ర్యాలీ స్ప్రింట్, నిర్దేశించిన సగటు వేగంతో సాగే కాలనియమ ర్యాలీ వంటివి తక్కువ ఖర్చుతో జరుగుతాయి. కాలనియమ ర్యాలీలో అతివేగానికి బహుమతి ఉండదు. పైగా ముందే చేరినా పాయింట్లు పోతాయి. లెక్క, క్రమశిక్షణ ఉన్నవారే గెలుస్తారు. సమాఖ్య అనుమతితోపాటు పోలీసు, రెవెన్యూ అధికారుల అనుమతులు వీటికీ అవసరమే.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల వేరుపడింది. ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే కొనసాగాయి. జిల్లా విడిపోయినప్పుడల్లా పాత సంఘం ఎవరిది, కొత్త సంఘానికి గుర్తింపు ఎవరిస్తారు అన్న తగవులు ఏ క్రీడలోనైనా సహజం. కొత్తగా మొదలుపెట్టే సంఘం తొలిరోజే ఈ విషయాలు రాసి పెట్టుకుంటే ముందుముందు చీలిక రాదు. జిల్లా కేంద్రానికి ఎన్ని స్థానాలు, పశ్చిమ పట్టణాలకు ఎన్ని, పదవి ఎన్నేళ్లు, లెక్కలు ఎప్పుడు చూపాలి అన్నవి నియమావళిలో స్పష్టంగా ఉండాలి. ఓటు సభ్యుడికే దక్కాలి.

చేరేముందు చూసుకోండి

* రేసింగ్ క్లబ్ పేరిట రుసుము వసూలు చేసేవారికి ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉందో లేదో సమాఖ్య వద్దే నిర్ధారించుకోవాలి.
* ప్రతి పోటీకి విడిగా అనుమతి సంఖ్య, అనుబంధ నియమావళి ఉంటాయి. అవి చూపకపోతే ఆ పోటీకి దూరంగా ఉండటం మేలు.
* పోటీ లైసెన్సుకు వైద్య ధ్రువపత్రం అవసరం. మైనర్లకు తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి.
* ప్రమాద బీమా ఎంత వరకు వర్తిస్తుందో ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. సాధారణ వాహన బీమా పందేలకు వర్తించదు.
* ఫలితంపై అభ్యంతరం ఉంటే నిర్ణీత గడువులోగా, నిర్ణీత రుసుముతో స్టీవార్డులకు ఫిర్యాదు చేయాలి. ఆపై అప్పీలుకు అవకాశం ఉంటుంది.
* డ్రైవింగ్‌కు అవకాశం దక్కనివారు మార్షల్, సమయ గణకుడు, సాంకేతిక పరిశీలకుడిగా శిక్షణ పొందవచ్చు. క్రీడలో అడుగుపెట్టేందుకు ఖర్చు తక్కువైన మార్గమిది.

చెన్నై ఈ క్రీడలో పెద్దన్నగా నిలిచింది ధనబలంతో మాత్రమే కాదు. సొంత స్థలం, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు, ఏటా తప్పకుండా జరిగే పోటీ.. ఈ మూడూ దశాబ్దాలపాటు సమకూర్చుకోవడంతో పట్టు దానంతటదే వచ్చింది. పెత్తనం పైనుంచి దక్కుతుందని ఎదురుచూసిన ప్రాంతాలు వెనుకబడ్డాయి. పశ్చిమ కర్నూలు పట్టణాల్లో పదిమంది శిక్షణ పొందిన మార్షల్స్, ఏడాదికొక నిబంధనల పోటీ, సభ్యులకు లెక్క చెప్పే సంఘం ఒకటి ఉంటే జాతీయ సమాఖ్య సమావేశంలో ఒక కుర్చీ అడిగే హక్కు వస్తుంది. ఆ కుర్చీ దక్కేదాకా ఇక్కడి యువకుడి పందెం ఎక్కడ జరగాలో నిర్ణయించేది ఇతర నగరాలే.